పంతొమ్మిది రోజుల భోజనం

కిరాణా కొట్టు మెట్ల మీద రెండు బియ్యం బస్తాలు, పది కిలోల పప్పు, మూడు నూనె డబ్బాలు, ఎనిమిది అట్టల గుడ్లు పేర్చి ఉన్నాయి. ఖజానా ఫోను పట్టుకుని మూడోసారి డబ్బు పంపింది. మూడోసారీ ఎర్రగుర్తే వచ్చింది.

"నీ ఫోనుకి జలుబు చేసినట్టుంది తల్లీ" అన్నాడు కొట్టాయన.

ఖజానా అన్నది ఆ పిల్లకి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. నర్సింగు స్కూలు హాస్టల్లో నలభై ఇద్దరు ఆడపిల్లలు నెలనెలా భోజనం డబ్బు పోగుచేసుకుని సామాను తామే తెచ్చుకుంటారు. ఏటా మూడో సంవత్సరం వాళ్ళలో ఒకరు మెస్సు సెక్రటరీ. ఈ ఏడాది ఆ పని ఈ పిల్ల నెత్తిన పడింది. కొత్తిమీర కట్టకి కూడా లెక్క రాసే మనిషి కనక ఖజానా అని పేరు పెట్టేశారు. పేరు పెట్టినవాళ్ళలో సగంమంది ఆమె దగ్గర చేబదులు తీసుకున్నవాళ్ళే.

కొట్టాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సామాను తీసుకుపో. శుక్రవారం దాకా ఆగుతా. ఆ తర్వాత నన్ను మొహమాటపెట్టకు. నా నెత్తిమీద టోకు వ్యాపారి కూర్చునున్నాడు, వాడికి మొహమాటమంటే ఏమిటో తెలీదు."

సామాను ఆటోలో హాస్టలుకి పంపించి, ఖజానా అట్నుంచటే బ్యాంకుకి వెళ్ళింది. టోకెను తీసుకుని గంటంబావు కూర్చుంది. రెండో కౌంటరావిడ యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని తెర చూసి, "ఖాతా ఆపేశారమ్మా, మేనేజరుగారిని కలువు" అంది. తల మాత్రం ఎత్తలేదు.

మేనేజరుది అద్దాల గది. తలుపు బార్లా తీసి ఉంటుంది కాబట్టి లోపలి మాటలు బయట బెంచీల మీదున్న వాళ్ళందరికీ వినిపిస్తాయి.

"నెల మొదటి వారంలో నలభైమంది నీకు డబ్బు పంపారు. ఇంచుమించు అందరూ ఒకే మొత్తం. ఏం వ్యాపారమమ్మా?"

"వ్యాపారం కాదు సార్. అన్నం."

"అంటే?"

ఆమె మెస్సు సంగతి చెప్పింది. ఆయన వింటూనే వేరే కాగితం మీద రెండు సంతకాలు పెట్టాడు. "అలాంటిదానికి సంఘం పేరుమీద ఖాతా తెరవాలి. సొంత ఖాతాలో చేస్తారా ఎవరైనా?"

"రెండేళ్ళ కిందట మా సీనియర్లు ఇక్కడే అడిగారు సార్. స్టూడెంట్లకి అవన్నీ ఇవ్వం, ఎవరో ఒకరి ఖాతాలో వేసుకోండి అన్నారట. అప్పట్నించీ ఎవరు సెక్రటరీ అయితే వాళ్ళ ఖాతానే."

"అప్పుడు నేను లేను" అన్నాడాయన. "నీ మీద ఫిర్యాదు వచ్చింది. ఈ పేరుగల మనిషి నా డబ్బు కాజేసిందని ఒకరు రాసిచ్చారు."

ఖజానా బల్ల మీదికి వంగింది. "ఎవరు సార్?"

"అది చెప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళు వెనక్కి తీసుకోవాలి, లేదా విచారణ అవ్వాలి. మూడు నెలలు పట్టొచ్చు."

"మూడు నెలలు మమ్మల్నేం తినమంటారు సార్?"

ఆయన చెడ్డమనిషేం కాదు, తీరికలేని మనిషి. తీరికలేనితనం చేసే చెరుపు చెడ్డతనం చేసేదానికేం తీసిపోదు. "చూడమ్మా, ఈమధ్య స్టూడెంట్లు నాలుగు రాళ్ళకి ఆశపడి ఖాతాలు దొంగలకి అద్దెకిస్తున్నారు. నువ్వు అలాంటిదానివని అనను. చదువుకోడానికి వచ్చినవాళ్ళు చదువుకోవాలి, అంతే."

బయట బెంచీ మీద ఒక పెద్దమనిషి తల తిప్పి మరీ చూశాడు. ఖజానా చెవులు వేడెక్కాయి. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"గొడవ ఒక్కరి డబ్బు గురించైతే మిగతా నలభై ఒక్కమంది డబ్బెందుకాపారు సార్?"

"సిస్టం ఆపిందమ్మా. నేనా ఆపింది?" అంటూ ఒక ఉత్తరం ముందుకి తోశాడు.

ఉత్తరం నిండా నియమాలే. వాటి మధ్య పనికొచ్చే ముక్క ఒక్కటే ఉంది: వివాదంలో ఉన్న మొత్తం, 1,083.

*

సాయంత్రం భోజనాల హాల్లో ఆ కబురు ఆమెకంటే ముందే బల్లల చుట్టూ తిరుగుతోంది. బ్యాంకు బెంచీ మీద ఎవరో రెండో ఏడాది పిల్ల కూడా ఉందట. పిల్లలు పళ్ళాలు పట్టుకుని గుంపులుగా చేరారు.

"ఖజానా ఖాళీ అయిందటగా" అంది ఒకతె.

"అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం" అంది ఇంకొకతె. నవ్వారు. ఆ నవ్వు ఖజానా దాకా వచ్చి ఆగింది.

ఆమె గదిలో ఉండే పిల్ల గరిటె పట్టుకుని లేచింది. "ఎవర్తె ఆ కూత కూసింది? మొన్న చెప్పులు తెగితే ఎవరి దగ్గర తీసుకున్నావే డబ్బు?"

"నువ్వు కూర్చో" అంది ఖజానా. స్నేహితుల వకాల్తాకి కంఠం ఎంత పెద్దదైతే అనుమానమూ అంత పెద్దదవుతుందని ఆమెకి తెలుసు. బ్యాంకు ఉత్తరం బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

లాయరు లేచింది. లాయరంటే ఖజానా క్లాసుదే, ప్రతిదానికీ పాయింటు లాగే పిల్ల. సెక్రటరీ పదవికి పోటీపడి నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది. "ఫిర్యాదు చేసినవాళ్ళు మనలోనే ఉన్నారన్నమాట. నిప్పు లేందే పొగ రాదుగా. ఎవరో తేల్చు. లేదంటే శుక్రవారం మధ్యాహ్నం నలభై ఇద్దరి డబ్బూ ఈ బల్ల మీద పెట్టి, పుస్తకం వార్డెనుకి ఇచ్చెయ్."

"శుక్రవారం మధ్యాహ్నానికి డబ్బు వస్తుంది" అంది ఖజానా. ఎలా వస్తుందో ఆ క్షణాన ఆమెకే తెలీదు.

వంటక్క మాత్రం ఏమీ అడగలేదు. ఖజానా పళ్ళెంలో కూర ఇంకో గరిటె ఎక్కువ వేసి, "ముందు తిను. ఖాళీ కడుపుతో బుర్ర పనిచెయ్యదు" అంది.

బుర్ర పనిచేసింది. మెస్సులో రోజుకి యాభై ఏడు. ముప్ఫై రోజులకి పదిహేడు వందల పది. ఇంచుమించు అందరూ పంపింది అదే. మరి వెయ్యిన్నీ ఎనభై మూడు ఎవరిది? ఖజానా గదికొచ్చి, కాగితం వెనక భాగాహారం వేసింది. పంతొమ్మిది వచ్చింది. శేషం లేదు. హాజరు పుస్తకం తీసి పోయిన నెల వరసలన్నీ వేలితో చూసుకుంటూ పోయింది. పంతొమ్మిది రోజులే తిన్న మనిషి ఒక్కతే ఉంది. పన్నెండో తారీఖున ఆలస్యంగా చేరిన మొదటి సంవత్సరం పిల్ల. గింజలు ఏరుకున్నట్టు తింటుందని అందరూ పిచ్చుక అని పిలుస్తారు.

మర్నాడు ఇద్దరికీ ఒకే వార్డులో డ్యూటీ. మంచాలకి దుప్పట్లు మార్చే పని. అటువైపు పిచ్చుక, ఇటువైపు ఖజానా. దుప్పటి పరిచి, మూల మడిచి, పరుపు కిందికి దోపుతున్నప్పుడు ఖజానా గొంతు తగ్గించి అడిగింది.

"మెస్సు డబ్బు ఎవరి ఖాతాలోంచి పంపావే?"

పిచ్చుక చేతిలోంచి మూల జారిపోయింది. ఆ మొహం చూస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"అమ్మదక్కా."

"అమ్మకి చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది. కన్నీళ్ళు మాటలతో పోటీపడి ముందొచ్చేశాయి. "ఇక్కడ తిండి కూడా ఫ్రీయేనని చెప్పి చేరానక్కా. కాదంటే అమ్మ ఇంకో షిఫ్టు ఒప్పుకుంటుంది. ఇప్పటికే నడుము పట్టేసి వంగలేకపోతోంది. ఆ ఫోన్లో డబ్బు పంపే ఏర్పాటు చేసిపెట్టింది నేనేగా, ఇంటికెళ్ళినప్పుడు పంపేశాను. అమ్మ చూడదనుకున్నా. తనేమో బ్యాంకుకి వెళ్ళి పుస్తకంలో అచ్చు వేయించుకుంది. నీ పేరు చూసి, ఎవరే ఈవిడ అనడిగింది. తెలీదన్నాను."

"తెలీదన్నావా!"

"తర్వాత చెబుదామనుకున్నా. ఈలోపే ఫిర్యాదిచ్చొచ్చింది."

అవతలి మంచం మీది ముసలాయన దగ్గుతూ ఇటు చూశాడు. ఖజానా పళ్ళు బిగబట్టి, పిచ్చుక వదిలేసిన మూల తనే వచ్చి దోపింది. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. నిన్న హాల్లో ఈ పిల్ల మూడో బల్ల దగ్గర తల వంచుకుని కూర్చునే ఉంది, అన్నీ విన్నది, పళ్ళెం కడుక్కుని వెళ్ళిపోయింది.

"నా పరువు గంగపాలవుతుంటే కూర అన్నం కలుపుకు తిన్నావన్నమాట."

"ఎవరికీ చెప్పకక్కా. దొంగ అంటారు. చదువు మానేసి పోవాలి."

"నన్నంటున్నారుగా ఇప్పుడు. నేనేం మానేశానా?" అంది ఖజానా. తర్వాత రెండు మంచాలు సర్దారు. మూడోదాని దగ్గర మళ్ళీ అంది: "హాస్టల్లో నీ పేరు నా నోట రాదు. కానీ మీ అమ్మ దగ్గరికి రేపు నాతో వస్తావు. చెప్పేది నువ్వే. నేను పక్కన నిలబడతాను, అంతే."

*

పిచ్చుకవాళ్ళమ్మ పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. లోపల ఆవిరి, సబ్బు వాసన, గిర్రున తిరిగే డ్రమ్ముల మోత. ఆవిడ పొడుగాటి బల్ల దగ్గర నిలబడి, ఇస్త్రీ అయి వచ్చిన దుప్పట్లు మడతలు పెడుతోంది. ఎదురుగా రెండో మనిషి ఉండాల్సిన చోట ఎవరూ లేరు. ఒక్కతే చేతులు చాచి, గడ్డంకింద అంచు బిగించి మడుస్తోంది.

కూతుర్ని చూసి ఆవిడ మొహం విచ్చుకుంది. పక్కనున్న మనిషి పేరేమిటో అడిగింది. ఖజానా తన అసలు పేరు చెప్పింది.

మడత సగంలో ఆగిపోయింది.

"నువ్వేనా ఆ దొంగవి?"

"నేనేనండి" అంది ఖజానా.

ఆ జవాబు ఆవిడ ఊహించినది కాదు. ఎగాదిగా చూసింది. పని ఆపితే అవతల పర్యవేక్షకుడు చూస్తాడు కాబట్టి దుప్పటి రెండో అంచు ఖజానా మీదికి విసిరి, "పట్టుకో. పట్టుకుని మాట్లాడు" అంది.

"మాట్లాడేది నేను కాదు పిన్నిగారూ."

ఇద్దరూ అంచులు దగ్గరికి తెస్తున్నారు, విడిపోతున్నారు, మళ్ళీ దగ్గరవుతున్నారు. మధ్యలో పిచ్చుక నిలబడి చెప్పింది. మొదటి దుప్పటికి ఏడుపు తప్ప మాట రాలేదు. రెండోదానికి తిండి ఫ్రీ కాదని చెప్పింది. మూడోదానికి ఫోను సంగతి, తెలీదన్న సంగతి చెప్పింది. వాళ్ళమ్మ మడతలు మునుపటికంటే గట్టిగా అదిమింది.

అంతా అయ్యాక కూతుర్ని కాదు, ఖజానాని అడిగింది. "రోజుకెంత?"

"యాభై ఏడండి."

"మూడు పూట్లకీనా?"

"మూడు పూట్లకీ."

"గుడ్డు పెడతారా?"

"వారానికి మూడుసార్లు. రాత్రిపూట పాలు."

"ఇది తింటోందా?"

"ఈ నెల ఒక్క పూట కూడా మానలేదండి. పుస్తకంలో ఉంది."

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుని అప్పుడు కూతురివైపు తిరిగింది. "తిండికి కావాలమ్మా అంటే లేదంటానా? నీ నోట్లోకి పోయే ముద్దని దొంగతనమని బ్యాంకులో రాయించి వచ్చానే నేను!" కొట్టదేమో అనుకుంటున్నంతలో వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

"మీరు బ్యాంకుకొచ్చి ఒక్క మాట చెబితే..." అని మొదలెట్టింది ఖజానా.

"పూట మానితే పూట జీతం కోస్తారు."

"తెలుసండి. అయినా అడగడానికే వచ్చాను."

ఆవిడ ఈ పిల్లని మళ్ళీ ఒకసారి చూసింది. "హాస్టల్లో ఏమంటున్నారు నిన్ను?"

"ఏముందండీ. తిన్నానంటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం హాల్లో అందరి ముందూ లెక్క చెప్పాలి."

"ఇదే చేసిందని చెప్పేశావా?"

"లేదండి."

గుట్టలోంచి ఇంకో దుప్పటి లాగి, "రేపు పొద్దున పదికి" అందావిడ. "ఈ నాలుగూ అయ్యేదాకా ఆ అంచు వదలకు."

*

గురువారం పదికి ఐదు నిమిషాలుండగానే ఆవిడ బ్యాంకు మెట్ల మీద ఉంది. ఉతికిన చీర, నూనె రాసి దువ్విన తల. పిచ్చుకకి వార్డు డ్యూటీ పడింది. ఖజానా మాత్రం సెలవు చీటీ ఇచ్చి వచ్చింది.

మేనేజరు ఫారం తీశాడు. "పొరపాటున ఫిర్యాదు చేశానని ఇక్కడ రాసి సంతకం పెట్టాలమ్మా."

"పొరపాటని రాయను."

"అదేమిటి?"

"నా డబ్బు పోయింది, ఎవరికి పోయిందో తెలీలేదు, చెప్పాను. అందులో నా తప్పేముంది? నేనెప్పుడూ తప్పుడు మాట చెప్పి ఎరగను. ఇప్పుడు తెలిసింది, తెలిసిందని రాస్తాను. నా బిడ్డ అన్నం ఖర్చు అది, అని రాయండి." ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. "సరే, నేను చదువుకోనిదాన్ని. మీరు చదువుకున్నవాళ్ళేగా. పిలిచి ఈ పిల్లనొక్క మాట అడిగారా?"

"సిస్టం..." అన్నాడు మేనేజరు.

"సిస్టం కాదు సార్."

ఆ మాట అన్నది గుమ్మంలో నిలబడ్డ రెండో కౌంటరావిడ. చేతిలో ఏదో ఫైలుంది. దాన్ని గుండెలకి ఆనించి పట్టుకుంది.

"ఫిర్యాదు ఎక్కించేటప్పుడు రెండు గళ్ళు ఉంటాయి సార్. వివాదం ఉన్న మొత్తం ఒక్కటే ఆపడం ఒకటి, ఖాతా అంతా ఆపడం ఇంకోటి. ఆ రోజు సాయంత్రం నాలుగైంది, వరసలో పాతికమంది ఉన్నారు. చూసుకోకుండా రెండోదానికి టిక్కు పెట్టింది నేనే. ఈ అమ్మాయి సోమవారం వచ్చినప్పుడే నాకు అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు."

సోమవారం ఈవిడ తలెత్తకపోవడం ఎందుకో ఖజానాకి ఇప్పుడు తెలిసింది. ఆ తలెత్తనితనం వల్ల మూడు రోజులు తను దొంగయింది. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ అడగకుండా వచ్చి, పైఅధికారి ముందు తనది తప్పని ఒప్పుకున్న మనిషిని ఆమె అంతకుముందు ఏ ఆఫీసులోనూ చూడలేదు.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అరవడానికి నోరు తెరిచినవాడల్లా బయట బెంచీల వైపు చూసి ఊరుకున్నాడు. "ఆపిన ఖాతా వదలండి. మధ్యాహ్నంలోపు" అన్నాడు. ఖజానావైపు చూసి మొన్నటి మాటలకి ఏదో అనబోయి, "ఆ సంఘం ఖాతా ఫారం కూడా తీసుకెళ్ళమ్మా" అన్నాడు. క్షమాపణ ఆయనకి అంతవరకే చేతనైంది.

మధ్యాహ్నం అనుకున్నది మర్నాడు పొద్దున అయింది. శుక్రవారం తొమ్మిదిన్నరకి ఖజానా కొట్టు బల్ల ముందు నిలబడి డబ్బు పంపింది. ఈసారి పచ్చగుర్తు వచ్చింది. "జలుబు తగ్గిందన్నమాట" అన్నాడు కొట్టాయన, తరవాతి సామాను చీటీ కోసం చెయ్యి చాపుతూ.

మధ్యాహ్నం హాలు నిండుగా ఉంది. ఖజానా బ్యాంకు పుస్తకం, కొట్టు రసీదు, హాజరు పుస్తకం బల్ల మీద పరిచింది. లాయరు ప్రతి పేజీ తిప్పి చూసింది. లెక్క సరిపోయింది. అయినా పుస్తకం మూసి చేతులు కట్టుకుంది.

"డబ్బు వచ్చింది, బాగుంది. ఫిర్యాదు చేసిందెవరు?"

"పేరు చెప్పను."

"నాలుగు రోజులు అందర్నీ అనుమానంతో చంపి, చెప్పనంటే కుదరదు. చెప్పకపోతే నువ్వేదో సర్దుకున్నావనే అనుకోవాలి. మొత్తం తినేసి ఎక్కడో అప్పు తెచ్చి పూడ్చావని ఎందుకనుకోకూడదు?"

"అనుకోండి" అంది ఖజానా. "పుస్తకాలు అక్కడున్నాయి. నచ్చకపోతే వేరేవాళ్ళని పెట్టుకోండి. పేరు మాత్రం చెప్పను."

గుసగుసలు లేచాయి. చెప్పేస్తే ఒక్క ముక్కతో అయిపోతుంది, తన పేరు కడిగిన ముత్యంలా బయటపడుతుంది. ఆ ముక్క నాలుక మీదికి రాకుండా ఆమె పెదవులు బిగించుకుంది. మూడో బల్ల దగ్గర బెంచీ కిర్రుమంది. పిచ్చుక బల్ల అంచు పట్టుకుని సగం లేచింది.

"ఫిర్యాదు చేసింది నేనమ్మా."

అందరూ గుమ్మంవైపు తిరిగారు. లాండ్రీ నీలం కోటుతోనే, ఆవిరికి తడిసిన జుట్టుతోనే వచ్చేసింది ఆవిడ. భోజనం విరామంలో పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"నేను ఈ పిల్ల తల్లిని" అని పిచ్చుకని చూపించింది. "మెస్సు డబ్బు పంపుతున్నానమ్మా అని ఇది నాకు ముందే చెప్పింది. పేరు కూడా చెప్పింది. నేనే మర్చిపోయాను. పనిలో పడి, బుద్ధి గడ్డితిని మర్చిపోయి, బ్యాంకుకెళ్ళి ఈ అమ్మాయిని దొంగ అని రాయించాను. నిన్న వెళ్ళి నాదే పొరపాటని చెప్పుకొచ్చాను. ఏమన్నా అనాలంటే నన్నే అనండి."

లాయరు చేతులు విప్పేసింది. కుర్చీ ఒకటి లాగి, "కూర్చోండి ఆంటీ" అంది చిన్నగా. తర్వాత హాజరు పుస్తకం ఖజానా ముందుకి జరిపి, మంచినీళ్ళ చెంబు తేవడానికి వెళ్ళిపోయింది. పిచ్చుక అలా సగం లేచినది లేచినట్టే ఉండిపోయి, మెల్లగా కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

వంటక్క పిచ్చుకవాళ్ళమ్మకి పళ్ళెం పెట్టింది. ఆవిడ అన్నం, పప్పు, కూర, గుడ్డు ఒక్కొక్కటీ రుచి చూసి, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పి, పళ్ళెం తనే కడిగిపెట్టి లేచింది. ఖజానా గేటు దాకా వెంట వెళ్ళింది. పెద్దావిడ అంత వేగంగా నడుస్తుంటే మాట అందుకోవడం కష్టమైంది.

"పిన్నిగారూ, మీరు మర్చిపోలేదు కదా."

ఆవిడ గేటు గొళ్ళెం తీస్తూ ఆగింది.

"మర్చిపోయాననేగా చెప్పాను" అంది. "మళ్ళీ గుర్తుచెయ్యకు." గొళ్ళెం తీసి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, షిఫ్టుకి ఆలస్యమవుతోందని రోడ్డు దాటేసింది.